ఉప్పు కుండలో తగ్గించండి, విస్తరిలో వడ్డించండి

షడ్రసాలలో మనుష్యుల మధ్య నిత్యం తగవు పెట్టే రసం లవణం. తీపి తక్కువైన పాయసాన్ని మాట్లాడకుండా తాగివేస్తారు. పులుపు ఎక్కువైన పప్పులో మరికొంత అన్నం కలుపుకొని సర్దుకుంటారు. ఉప్పు చాలని కూర వడ్డించినప్పుడు మాత్రం మొదటి ముద్దకే ముఖం మారుతుంది. అదే కూర ఇంటి పెద్దకు చప్పన, కోడలికి సరి, మనుమనికి ఉప్పు కషాయం. వండినది ఒకే గిన్నెలో, వండిన చేయి ఒకటే. తేడా అంతా తినేవారి నాలుకలలో ఉన్నది.

వైద్యవృత్తిలో ఉన్నవాడిని కనుక ఈ తగవు నాకు మరొక రూపంలో వినవస్తుంది. ఉప్పని వస్తువుల మీదికే మనసు పోతున్నది, నా శరీర తత్త్వానికి ఉప్పు ఎక్కువ కావలసి ఉన్నదేమో అని అడిగేవారు కొందరు. రక్తపోటు వచ్చినది, ఉప్పు తగ్గించమన్నారు, చప్పిడి కూడు తినలేను, నా ఒక్కడి కోసం ఇంటిల్లిపాదికీ చప్పిడి వండించలేను, ఏమి చేయవలెను అని అడిగేవారు అంతకంటె ఎక్కువ. ఈ రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. ఉప్పు మీది కోరిక అత్యధికులలో పుట్టుకతో వచ్చిన ప్రకృతి వలన కలిగినది కాదు, వంటింటి అలవాటు వలన కలిగినది. అలవాటు వలన వచ్చినదానికి మందు వెదకడం కంటె వంట పద్ధతిని సవరించుకోవడం మేలు.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పివేస్తాను. వండేటప్పుడు కుండలో పడే ఉప్పును అంచెలంచెలుగా తగ్గించవలెను. చాలనివారి కోసం విస్తరి అంచున చిటికెడు వడ్డించవలెను. పైన ఉప్పు చల్లుకోవద్దని కదా వైద్యులు చెప్పుతారు అని పాఠకులు వెంటనే ఆక్షేపించవచ్చును. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పడానికి ముందు, ఉప్పును గురించి శాస్త్రం ఏమంటున్నదో చూడవలసి ఉన్నది.

లవణ రసం: గుణం, దోషం

ఆయుర్వేదం ఉప్పుకు శత్రువు కాదు. చరక సంహిత సూత్రస్థానంలో సౌవర్చలం, సైంధవం, విడం, ఔద్భిదం, సాముద్రం అని అయిదు లవణాలు చెప్పబడినవి. వాటిలో సైంధవానికి నిత్యం సేవించదగిన ద్రవ్యాల పట్టికలో, పెసలు, ఉసిరిక, పాలు, నేయి, తేనెల సరసన చోటు దొరికినది. లవణ రసంలో జలం, అగ్ని అనే భూతాలు అధికంగా ఉంటాయని, అది వాతాన్ని శమింపజేసి కఫపిత్తాలను పెంచుతుందని చరకుని మతం. అన్నానికి రుచి కలిగించడం, జఠరాగ్నిని రగిలించడం, గట్టిపడినదానిని మెత్తబరచి జారజేయడం దీని పనులు. కడుపు ఉబ్బరానికి వాముతో చిటికెడు సైంధవం నమలడం, గొంతు నొప్పికి గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం, ఎండన పడి వచ్చినవారికి ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ ఇవ్వడం మొదలైన గృహవైద్యం అంతా ఈ గుణాల మీదనే నడుస్తున్నది.

అదే గ్రంథంలో, విమానస్థానం మొదటి అధ్యాయంలో ఒక హెచ్చరిక కలదు. పిప్పలి, క్షారం, లవణం అనే మూడింటినీ అతిగా వాడరాదని అక్కడ ప్రత్యేకించి చెప్పినారు. ఉప్పు తిన్న వెంటనే మేలు చేసినట్లు కనిపిస్తుంది. దోషం మాత్రం లోలోపల కూడుతూ పోతుంది. అతిగా సేవించినవారి దేహానికి గ్లాని, శైథిల్యం, దౌర్బల్యం కలుగుతాయి. బాహ్లిక, సౌరాష్ట్ర, సింధు, సౌవీర దేశాలవారు పాలతో సైతం ఉప్పు తింటారని, అటువంటివారు క్లేశానికి ఓర్వలేరని దృష్టాంతం చూపినారు. చవుడు నేలలో ఓషధులు మొలవవు, మొలిచినా బలంగా ఎదగవు అని ఉపమానం చెప్పినారు. ఉప్పు సాత్మ్యమైనవారికి సైతం, అనగా చిరకాలం తిని ఒంటికి సరిపడినట్లు కనిపించేవారికి సైతం, అకాలంలో బట్టతల, నెరసిన వెంట్రుకలు, ముడుతలు వస్తాయన్నారు. ఈ చివరి అంశాన్ని పాఠకులు గుర్తు పెట్టుకొనవలెను. చిన్నప్పటి నుండి తింటున్నాను, నాకేమీ కాలేదు అనేవారి వాదానికి ఇందులో సమాధానం ఉన్నది.

చరకుని కాలంలో రక్తపోటును కొలిచే పరికరం లేదు. నేడు ఉన్నది. ఉప్పులో సుమారు 40 శాతం సోడియం. అది దేహంలో నీటిని నిలుపుతుంది, రక్తపు పరిమాణాన్ని పెంచుతుంది, ఏళ్ళ తరబడి రక్తనాళాల గోడలను బిగిస్తుంది. దాని పర్యవసానం పక్షవాతం, గుండెజబ్బు, మూత్రపిండాల క్షీణత. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలోనూ హద్దు 5 గ్రాములే. అది ఒక చిన్న చెంచాడు, తల కొట్టిన కొలత. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రాన్ని సేకరించి లెక్కకట్టిన ఒక అధ్యయనంలో సగటు వాడకం 9 గ్రాములు దాటినది. మనం తినవలసినదానికి దాదాపు రెట్టింపు తింటున్నామని దీని అర్థం.

శరీరం అడిగే ఉప్పు, నాలుక అడిగే ఉప్పు

కోరిక అంతా అలవాటే అని తోసివేయడానికి వీలు లేదు. శరీరం నిజంగా ఉప్పు అడిగే సందర్భాలు ఉన్నవి. వాంతులు, విరేచనాలు అయినప్పుడు, రోజంతా ఎండలో చెమటోడ్చినప్పుడు దేహం నుండి ఉప్పు పోతుంది. దానిని పూడ్చుకొనవలసినదే. విరేచనాలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొడిలో చక్కెరతో పాటు ఉప్పు ఉండడానికి కారణం ఇదే.

ఇంతకంటె తీవ్రమైన సందర్భం ఒకటి కలదు. మూత్రపిండాల పైన టోపీ వలె ఉండే అధివృక్క గ్రంథులు చెడిపోయినప్పుడు ఉప్పు మూత్రంలో కొట్టుకొనిపోతుంది. 1940లో అమెరికా వైద్య పత్రికలో ప్రకటితమైన ఒక వృత్తాంతం వైద్యలోకంలో ప్రసిద్ధం. మూడున్నర ఏండ్ల బాలుడు ఒకడు ఉప్పును గుప్పిళ్ళతో తినేవాడు. ఆస్పత్రిలో చేర్చి మామూలు భోజనం మాత్రమే పెట్టగా కొద్ది రోజులలోనే మరణించినాడు. అధివృక్క గ్రంథులు పాడయిన సంగతి తరువాత తెలిసినది. ఆ బిడ్డను అంతకాలం బ్రతికించినది అతడు అడిగి తిన్న ఉప్పే. ఈ జబ్బు అరుదు. అయినా క్షయవ్యాధి ఆ గ్రంథులకు సోకడం వలన కూడా ఇది వస్తుంది కనుక మన దేశంలో వైద్యులు మరువరాని జబ్బు.

కనుక లక్షణాలు చెప్పుతున్నాను. ఎన్నడూ లేని ఉప్పు కోరిక కొత్తగా పుట్టినదా? దానితో పాటు ఆకలి మందగించి బరువు తగ్గుతున్నదా? లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతున్నవా? అరచేతి గీతలు, చిగుళ్ళు నల్లబడుతున్నవా? ఇవి కనిపించినవారు గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. వెంటనే వైద్యునికి చూపించుకొని రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఈ లక్షణాలేవీ లేకుండా, ఏండ్ల తరబడి ఒకే తీరుగా ఉప్పు మీద ఇష్టం ఉన్నవారి సంగతి వేరు. అది నాలుక అడిగే ఉప్పు. గుర్తుపట్టడానికి సులువైన మార్గం ఉన్నది. రుచి చూడకముందే చేయి ఉప్పు గిన్నె మీదికి పోతున్నదా? కడుపు నిండిన తరువాత కూడా జంతికలు, కారప్పూస, ఊరమిరపకాయలు చూడగానే నోరూరుతున్నదా? అయితే అది అలవాటు అడుగుతున్నదే. వయసు పైబడినవారికి నాలుక చురుకుదనం తగ్గుతుంది. పొగాకు, చుట్ట, జరదా వాడేవారికి కూడా అంతే. అటువంటివారు ఇంటిలో ఉప్పు చూసి చెప్పే పెద్దలైతే, ఇల్లంతా వారి మందగించిన నాలుకకు సరిపడే ఉప్పు తినవలసి వస్తుంది. పసిపిల్లలు కూడా అదే తింటారు.

నాలుకకు నేర్పినది మనమే

అప్పుడే పుట్టిన బిడ్డ నాలుక మీద తీపి తగిలిస్తే చప్పరిస్తుంది, చేదు తగిలిస్తే ముఖం ముడుస్తుంది. ఉప్పు పట్ల అటువంటి స్పష్టమైన ఇష్టం ఉండదు. నాలుగు నెలలు దాటిన తరువాతనే ఉప్పు రుచి మీద మక్కువ మొదలవుతుంది. ఆ తరువాత ఎంత ఉప్పు సరి అనిపిస్తుందో నిర్ణయించేది ఆ ఇంటి వంట. అన్నప్రాశన అయిన బిడ్డకు ఏడాది నిండేవరకు అన్నంలో, పప్పులో ఉప్పు కలపనవసరం లేదు. తల్లిపాలలో, కాయగూరలలో ఉన్నది చాలును. మనం రుచి చూసి చప్పగా ఉన్నదని బిడ్డ గిన్నెలో ఉప్పు వేయడం మన నాలుకను ఆ బిడ్డకు అంటగట్టడమే.

నేర్చుకున్నదానిని మార్చుకోవడం కూడా సాధ్యమే. 1982లో ఫిలడెల్ఫియా నగరంలోని మోనెల్ పరిశోధన కేంద్రం వారు ప్రకటించిన ఒక అధ్యయనంలో కొందరు యువకులు అయిదు నెలల పాటు ఉప్పు తగ్గించిన ఆహారం తీసుకున్నారు. ఆ కాలం గడిచేసరికి వారికి రుచిగా తోచే ఉప్పు మోతాదు తనంతట తానే తగ్గినది. మునుపు సరిపోయిన ఉప్పు ఎక్కువగా తోచినది. అంతకాలం వారు రుచిని త్యాగం చేస్తూ ఉండవలసిన అవసరం రాలేదు. రుచియే స్థానం మార్చుకున్నది.

ఇక్కడ మన శాస్త్రం ఇచ్చిన ఉపాయం ఎంత లోతైనదో గమనించండి. లవణం అతిగా అలవాటైనవారు దానిని హఠాత్తుగా కాక క్రమంగా విడువడం శ్రేయస్కరమని చరకుడు అదే విమానస్థానంలో చెప్పినాడు. చిరకాలం అలవాటైన అపథ్యాన్ని ఒక పాదం చొప్పున గాని, ఆ పాదంలో పాదం, అనగా పదహారవ వంతు చొప్పున గాని, మధ్య మధ్య విరామమిస్తూ విడువవలెనని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో వివరించినాడు. హఠాత్తుగా మానితే మానడం వలననే ఉపద్రవాలు పుట్టవచ్చునని వారి భావం. చప్పిడి పథ్యం మొదలుపెట్టి పదవనాడు ఊరగాయ జాడీ ముందు కూర్చునేవారిని చూచినవారికి ఈ క్రమం విలువ తెలుస్తుంది.

కుండలో ఎందుకు, విస్తరిలో ఎందుకు

ఇప్పుడు ఆక్షేపణకు వస్తాను. మన పంక్తి భోజనాలలో చాలాచోట్ల విస్తరి అంచున చిటికెడు ఉప్పు వడ్డించే ఆచారం ఉన్నది. ఉప్పు చేతికి ఇవ్వరాదు, విస్తరిలోనే వేయవలెనని పెద్దల పట్టింపు. ఎవరికి కావలసినంత వారు కలుపుకొనడానికి ఇది చక్కని ఏర్పాటు. వంటవాడు పదిమంది నాలుకలకు సరిపోయేటట్లు కుండలో ఉప్పు వేయలేడు. వేయబోతే ఎక్కువ కోరేవారిని తృప్తిపరిచే కొలతకే మొగ్గుతాడు. చాలలేదన్న మాట పడడం కంటె రవ్వంత ఎక్కువ వేయడం అతనికి క్షేమం. ఆ రవ్వంత ఎక్కువ అందరి కడుపులోకీ పోతుంది.

కుండలో తగ్గిస్తే తినేవారు ఆ తగ్గినదంతా పైన వేసుకుంటారు కదా అని సందేహం రావచ్చును. 1987లో మోనెల్ పరిశోధకులే ఈ సంగతిని పరీక్షించినారు. ఆహారంలో సోడియం బాగా తగ్గించి, బల్ల మీద ఉప్పు మాత్రం స్వేచ్ఛగా వాడుకోనిచ్చినారు. తీసివేసిన సోడియంలో అయిదవ వంతు కూడా ఆ స్వేచ్ఛ ద్వారా తిరిగి లోపలికి రాలేదు. అది కొద్దిమంది మీద జరిగిన అధ్యయనమే. అయినా కారణం మన వంటింటి అనుభవానికి అందేదే. ముక్కలోకి ఇంకిన ఉప్పు అంతా నాలుకకు తగలదు, సగం రుచి తెలియకుండానే మింగుడు పడుతుంది. ముద్ద మీద పడిన ఉప్పు నేరుగా నాలుకకు తగులుతుంది. అందువలన కొద్దిపాటితోనే తృప్తి కలుగుతుంది.

పైన చల్లుకొనడం మంచిది కాదన్న వైద్యుల మాట కూడా అబద్ధం కాదు. 2022లో ప్రకటితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో అయిదు లక్షల మందిని పరిశీలించగా, ఎల్లప్పుడూ భోజనం మీద ఉప్పు చల్లుకునేవారిలో అకాల మరణాలు ఎక్కువగా కనిపించినవి. వండినదానిలో ఉప్పు నిండుగా ఉండగా, రుచి చూడకుండా మళ్ళీ చల్లుకునే చేతికి ఆ హెచ్చరిక వర్తిస్తుంది. నేను చెప్పుతున్న పద్ధతిలో మొదటి షరతు కుండలో తగ్గించడం. అది చేయకుండా విస్తరిలో ఉప్పు పెట్టడం నిప్పులో నేయి పోయడం వంటిది.

ఈ పద్ధతిలో మరొక న్యాయం ఉన్నది. ఉప్పు అవసరం అందరికీ ఒకటి కాదు. గాంధీజీ దక్షిణాఫ్రికాలో ఉండగా కస్తూరిబా అనారోగ్యం సందర్భంగా ఆమె చేత ఉప్పు, పప్పు మాన్పించడానికి తానే ముందుగా వాటిని విడిచినట్లు సత్యశోధనలో వ్రాసుకున్నాడు. అటువంటి వ్యక్తియే 1930 ఏప్రిల్ 6వ తేదీన దండి సముద్రతీరంలో పిడికెడు ఉప్పు ఎత్తినాడు. తాను విడువగలిగిన ఉప్పు, ఎండలో పనిచేసే పేదవానికి విడువరానిదని అతడికి తెలుసును. వేసవిలో వరికోతకు, ఇటుక బట్టీకి పోయే మనిషికి చెమట ద్వారా ఉప్పు పోతుంది. చల్లని గదిలో కుర్చీలో కూర్చునే మనిషికి పోదు. ఇద్దరూ ఒకే ఇంటివారైనప్పుడు ఒకే కుండ ఉప్పు ఇద్దరికీ ఎట్లా సరిపోతుంది? కష్టపడి వచ్చినవాని మజ్జిగలో చిటికెడు ఎక్కువ వేయండి. గ్రీష్మంలో ఉప్పు, పులుపు, కారం తగ్గించమన్న ఋతుచర్య మిగిలినవారందరికీ వర్తిస్తుంది.

సైంధవం వాడితే చాలునా?

ఈ మధ్య చాలామంది మామూలు ఉప్పు మాని సైంధవ లవణం కొంటున్నారు. రక్తపోటు ఉన్నవారు కూడా దానిని నిర్భయంగా వాడవచ్చునని అంగడివారు చెప్పుతున్నారు. ఆయుర్వేదాన్ని అభిమానించే వానిగా నేను దీనిని ఖండించవలసి ఉన్నది. లవణాలలో సైంధవం శ్రేష్ఠమన్నది నిజం. అయితే అది కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. గులాబి రంగు ఇచ్చే ఖనిజాలు అందులో స్వల్పం. శాస్త్రం సైంధవాన్ని మెచ్చుకున్నది, అతిగా తినడాన్ని మెచ్చుకోలేదు. పైగా సైంధవంలో దేహానికి చాలినంత అయోడిన్ ఉండదు. గాయిటర్ నివారణ కోసం అయోడిన్ కలపని ఉప్పును ఆహారానికి అమ్మరాదని 2006 నుండి దేశవ్యాప్తంగా నిబంధన ఉన్నది. గర్భిణులు, పిల్లలు ఉన్న ఇంట నిత్యం వంటకు అయోడిన్ ఉప్పునే కొద్దిగా వాడి, సైంధవాన్ని ఔషధ ప్రయోగాలకు ఉంచుకొనడం వివేకం.

సోడియంలో కొంత భాగానికి బదులు పొటాషియం కలిపిన ఉప్పు కూడా అంగళ్ళలో దొరుకుతున్నది. చైనాలో 600 గ్రామాలలో సుమారు 21 వేల మంది మీద జరిపి 2021లో ప్రకటించిన అధ్యయనంలో ఇటువంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం తగ్గినది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా దీనిని ముట్టరాదు. వారి రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

ఆచరణ

మొదట మీ ఇంటి లెక్క తెలుసుకొనవలెను. కిలో ఉప్పు పొట్లం విప్పినప్పుడు దాని మీద తేదీ వ్రాయండి. నలుగురు పెద్దవారున్న ఇంటిలో మనిషికి 5 గ్రాముల చొప్పున కిలో ఉప్పు 50 రోజులు రావలెను. 25 రోజులకే అయిపోయినదంటే మనిషికి 10 గ్రాములు. ఊరగాయలు, అప్పడాలు, హోటలు భోజనం, అంగడి చిరుతిండ్లు ఈ లెక్కకు అదనం. తరువాత వాగ్భటుని క్రమం పాటించండి. రోజూ వంటలో వేసే ఉప్పు నుండి మొదట పదహారవ వంతు తీసివేయండి. నాలుక దానికి అలవాటుపడిన తరువాత మరొక పదహారవ వంతు. ఇంటిలో ఎవరికీ చెప్పనక్కరలేదు. చెప్పితే తినకముందే చప్పగా ఉన్నదంటారు.

రెండవది, ఉప్పును ఒంటరిగా తగ్గించబోకండి. మన వంటలో ఉప్పు, పులుపు, కారం ఒకదానిని ఒకటి లాగుతాయి. చింతపండు చిక్కగా పిండి, ఎండుకారం దండిగా వేసిన పులుసు ఉప్పు కూడా అంత దండిగా అడుగుతుంది. మూడూ కలిసి తగ్గితే రుచి చెడదు. ఉప్పు తగ్గినచోట కారం పెంచితే పిత్తం పెరిగి కడుపులో మంట మొదలవుతుంది. ఆ ఖాళీని ధనియాలు, వేయించిన జీలకర్ర, మిరియాలు, అల్లం, కరివేపాకు, ఇంగువ పోపు, నువ్వుల పొడి, కొత్తిమీరతో నింపండి. దించిన తరువాత పిండిన నాలుగు చుక్కల నిమ్మరసం ఉప్పు లోటును బాగా కప్పుతుంది.

మూడవది, ఉప్పు వేసే వేళ. ఆకుకూర మగ్గక ముందు గంపెడు కనిపిస్తుంది, మగ్గిన తరువాత గుప్పెడు అవుతుంది. కనుక మగ్గిన తరువాతనే ఉప్పు వేయవలెను. వేపుడులో దించబోయే ముందు వేస్తే తక్కువతో సరిపోతుంది.

నాలుగవది, అన్నం కొలత. తెలుగువారు అన్నంలో ఉప్పు వేయరు. ఆ చప్పని అన్నాన్ని మోయడానికే కూరలో, పచ్చడిలో ఉప్పు గట్టిగా వేయడం అలవాటైనది. నేడు మధుమేహం భయంతో అన్నం తగ్గించి కూర ఎక్కువ తింటున్నారు. మంచి పనియే. కాని కూరలో ఉప్పు మాత్రం పాత అన్నపు కొలతకే పడుతున్నది. అన్నం తగ్గించినవారు కూరలో ఉప్పు కూడా అదే నిష్పత్తిలో తగ్గించకపోతే ఒక జబ్బు నుండి తప్పుకోబోయి మరొక జబ్బుకు దారి చేసినవారవుతారు.

అయిదవది, ఊరగాయ. ఉప్పు లేనిదే ఊరగాయ నిలువ ఉండదు. అందులో పదవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉప్పు ఉంటుంది. ఆవకాయ మానమని తెలుగువారికి చెప్పడం వృథా. ముద్దపప్పును ఉప్పు లేకుండా వండి, నేయి వేసుకొని, ఆవకాయతో కలుపుకొనండి. పెరుగన్నంలో ఊరగాయ నంజుకునేవారు పెరుగులో ఉప్పు వేయకండి. ఊరగాయనే ఆ పూట విస్తరి అంచున ఉన్న ఉప్పుగా భావించండి.

ఒక జాగ్రత్త. ప్రకృతి ఆహార ప్రచారం విని ఉప్పును ఒక్కసారిగా, పూర్తిగా మానివేసేవారు ఉన్నారు. ఆరోగ్యవంతులైన కొందరికి అది నిర్వహించవచ్చును. మూత్రం జారీ చేసే మాత్రలు వాడే వృద్ధులు మండుటెండలలో ఇటువంటి సాహసం చేస్తే రక్తంలో సోడియం పడిపోయి మగత, తడబాటు, మూర్ఛ కలుగవచ్చును. వారు వైద్యుని సలహాతోనే తగ్గించవలెను.

రక్తపోటు వచ్చిన మనిషికి వేరే గిన్నెలో చప్పిడి వండిపెట్టి, మిగిలినవారు యథాప్రకారం తినడం నేటి ఇండ్లలో ఆచారమైనది. దీని వలన రోగి తన ఇంట తానే వెలివేయబడినవానివలె భోజనం చేస్తాడు, కొద్ది రోజులకు పథ్యం విడుస్తాడు. అతని పిల్లలు రేపు అదే జబ్బుకు కావలసినంత ఉప్పు నేడు తింటూ ఉంటారు. ఇల్లంతటికీ తక్కువ ఉప్పుతో ఒకే వంట వండి, కావలసినవారికి అంచున వడ్డిస్తే రోగికి వేరు గిన్నె ఉండదు, పిల్లల నాలుకకు చెడు పాఠం ఉండదు, ఉప్పు చాలలేదన్న మాట వంట చేసిన ఇల్లాలు పడనక్కరలేదు. ఇందుకు ఖర్చు లేదు, మందు లేదు. ఈసారి ఉప్పు పొట్లం విప్పినప్పుడు దాని మీద తేదీ వ్రాయడంతో మొదలుపెట్టండి.